కిందికి పెరిగే చెట్టు



మన సంఘపు సహోదరుడొకడు అమెరికాలోని మిన్నెసోటాలో ఉంటున్నాడు. పేరు రాయవద్దన్నాడు, రాయను. అతని దగ్గర కుండీలో ఒక జునిపర్ చెట్టు ఉంది, ఏడాది పొడవునా పచ్చగా ఉండే జాతి. జపాన్ వాళ్లు కెంగాయ్ అనే బోన్సాయ్ పద్ధతిలో దాన్ని పెంచుతున్నాడు. కొండ అంచున మొలిచి, మంచు బరువుకీ గాలికీ వంగి లోయలోకి వేలాడే చెట్టు రూపం అది. కొమ్మ కొస కుండీ అడుగుకంటే కిందికి దిగాలి. అందుకే లోతైన కుండీ, ఎత్తైన బల్ల.

చెట్టు స్వభావం పైకి పోవడం. బలమంతా తల దగ్గర చేరి, వేలాడే కొమ్మకు తక్కువ అందుతుంది. వదిలేస్తే కింది కొమ్మ నీరసిస్తుంది. కాబట్టి పైభాగాన్ని తుంచుతూ, కింది చిగుళ్ల జోలికి వెళ్లకుండా, కొసను కొంచెం వెలుతురువైపు తిప్పాలట. ద్రాక్షావల్లి కత్తిరింపు గురించి మనం చాలాసార్లు ధ్యానించాము. ఇక్కడ కత్తిరింపు బలహీనమైన కొమ్మకు కాదు, బలమైన దానికి. నాకు ఆ మాట బాగా పట్టుకుంది.

చలి సంగతి వేరే. "లోపల పెట్టరా, చచ్చిపోతుంది" అని వాళ్లమ్మగారు ప్రతి డిసెంబరులో ఫోను చేసేవారు. తల్లి మనసు. కానీ జునిపర్‌కు శీతాకాలపు నిద్ర కావాలి, హీటరు వేసిన గదిలో అది బతకదు. అలాగని బల్ల మీదా వదలకూడదు. కొమ్మలు ఓర్చుకున్నంత చలిని వేళ్లు ఓర్చుకోలేవు. నేలలో ఉంటే భూమి కాపాడుతుంది, కుండీలో ఆ కాపుదల లేదు. పైగా మట్టి గడ్డకట్టాక వేళ్లు నీళ్లు తాగలేవు, ఎండా గాలీ మాత్రం ఆకుల్లో తడిని లాగేస్తూనే ఉంటాయి. మన దగ్గర మొక్క ఎండకు మాడితే, అక్కడ చలికాలంలో మాడుతుందన్నమాట. ఇంకో మోసం, చచ్చిన జునిపర్ కొన్ని వారాలు పచ్చగానే కనిపిస్తుంది.

అతను నేల గడ్డకట్టకముందే బాగా నీళ్లు పోసి, ఇంటికి ఉత్తరం పక్క గాలి తగలని చోట గుంట తీస్తాడు. కుండీని పక్కకు వాల్చి పాతి, చెక్క పొట్టు కప్పుతాడు. నిలువుగా పాతితే వేలాడే కొమ్మకు చోటుండదు. ఎలుకలు బెరడు కొరకకుండా పైన ఇనుప జాలీ. మైనస్ 25 డిగ్రీల రాత్రి, పైన పడ్డ మంచే దానికి దుప్పటి.

ఇదంతా రాయడానికి కారణం ఆ చెట్టుకున్న తీగ. కిందటేడాది వేసవిలో అతని నాన్నగారు అక్కడికి వెళ్లారు. ఇక్కడ దొండపాదును పందిరికి పాకించిన చేతులు. ఆ పెద్ద కొమ్మను వంచి అల్యూమినియం తీగ చుట్టింది ఆయనే. తిరిగొచ్చిన కొన్ని నెలలకే ప్రభువునందు నిద్రించారు. కొడుకు రాలేకపోయాడు. సమాధి కార్యక్రమం ఫోనులో చూశాడు, పట్టుకున్నది నేనే.

మొన్న సెప్టెంబరులో ఆ తీగ బెరడులోకి దిగడం మొదలైంది. ఉంచితే కొమ్మ లావెక్కి తీగను మింగేస్తుంది, మచ్చ పోదు. విప్పబోతే కొమ్మ విరుగుతుంది. చుట్టు చుట్టుకీ ముక్కలుగా కత్తిరించాలి. కటింగ్ ప్లేయరు చేతిలో పట్టుకుని నాకు ఫోను చేశాడు. "అయ్యగారూ, నాన్న చుట్టింది కదా" అన్నాడు. చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. కొమ్మ వంపు నిలిచిందా అని అడిగాను. నిలిచినట్టే ఉందన్నాడు. ప్రార్థన చేసి పెట్టేశాము.

మూడు రోజులకు ఫోటో వచ్చింది. కొమ్మ కాస్త పైకి లేచింది గాని వంపు పోలేదు. తీగ ముక్కలన్నీ నాన్నగారు అక్కడే మరచి వచ్చిన కళ్లజోడు పెట్టెలో ఉన్నాయి.

అక్కడ మొదటి మంచు పడ్డ వారం, ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మగారికి ఆ ఫోటో మళ్లీ చూపించాను. కొంగుతో ఫోను అద్దం తుడిచి చాలాసేపు చూశారు. "మంచు బాగా కప్పిందా అయ్యగారూ?" అని అడిగారు.