న్యాయమూ, వ్యాపారమూ, యంత్రమూ

జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో నందిగామ వచ్చి పాఠం చెప్పే తెలుగు లెక్చరర్ని నేను. విద్యార్థులు నా దగ్గరకు ఛందస్సులో సందేహాలతో వస్తారు, లేదా సర్టిఫికెట్ల మీద సంతకాల కోసం వస్తారు. మొన్న ఇంటర్ రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె వచ్చి, "మాస్టారూ, బి.బి.ఏ., ఎల్.ఎల్.బి. కలిపి అయిదేళ్లు చదవాలనుకుంటున్నాను. తర్వాత కృత్రిమ మేధ రంగంలోకి వెళతాను. మీ సలహా కావాలి" అంది.

నాకు నవ్వు వచ్చింది. దాన్ని దాచుకోనూ లేదు. "న్యాయాన్నీ వ్యాపారాన్నీ ఒకే గాటన కట్టే చదువన్నమాట! రెండోది మొదటిదాని మేత కూడా మేసెయ్యదూ?" అన్నాను.

అమ్మాయి నొచ్చుకుంది కాని, వెనక్కి తగ్గలేదు. వాళ్ల నాన్న మెట్టలో మిర్చి వేసే కౌలుదారు. నిరుడు ఆయన సెల్‌ఫోన్‌లో అప్పుకు దరఖాస్తు పెడితే, నిమిషంలో కాదని జవాబు వచ్చింది. కారణం చెప్పే మనిషి లేడు. వెళ్లి అడగటానికి గుమ్మం లేదు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుకార్డు రావాలంటే ఒప్పందం మీద భూయజమాని సంతకం ఉండాలి. ఆ సంతకం ఆయనకు దొరకలేదు. కాగితంలో లేని రైతు యంత్రం లెక్కలోనూ లేడు.

"నాన్న పేరు ఎక్కడ జారిపోయిందో పట్టుకోవాలంటే చట్టమూ తెలియాలి, అప్పిచ్చేవాడి లెక్కా తెలియాలి గదా మాస్టారూ!" అంది.

ఆ రాత్రి కూర్చుని చదివాను. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన కృత్రిమ మేధ చట్టం, మనుషుల ఋణార్హతను అంచనా కట్టే వ్యవస్థలను అధిక ప్రమాదం గలవాటిలో చేర్చింది. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో తప్పుడు సమాచారాన్ని దిద్దించుకునే హక్కు రాసి ఉంది. యంత్రం ఎందుకు కాదన్నదో అడిగి తెలుసుకునే ప్రత్యేక హక్కు మాత్రం లేదు. అది ఎవరో పోరాడి తేవలసిందే.

అయితే ఈ చదువు వర్గాలకు అతీతమైనదేమీ కాదు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశపరీక్ష క్లాట్ ఇంగ్లీషులోనే జరుగుతుంది. ఫీజులు ఏటా లక్షల్లో ఉంటాయి. అప్పుచేసి చదివినవాడు ఆ అప్పు తీర్చటానికి కంపెనీ జీతానికే పోతాడు. పూర్తికాలపు జీతగాడు న్యాయవాదిగా ప్రాక్టీసు చేయరాదని బార్ కౌన్సిల్ నియమం. అంటే, కొలువులో చేరిననాడే నల్లకోటు విప్పాలి. ప్రజల పక్షాన వాదించగలవాణ్ణి ఫీజే అవతలి పక్షానికి తోస్తున్నది. తప్పు అమ్మాయి కోరికలో లేదు, చదువు ధరలో ఉంది.

ఈ మాట నేను మొదటే ఎందుకు అనలేకపోయాను? నేను ఎం.ఏ.లో చేరిననాడు మా బంధువు ఒకాయన, "తెలుగు చదివి ఏం చేస్తావురా?" అని నవ్వాడు. ఆ నవ్వునే తీసుకొచ్చి ఈ అమ్మాయికి అప్పజెప్పాను. సాహిత్యం ప్రజల పక్షాన నిలవాలని క్లాసులో చెప్పేవాడు, కౌలురైతు బిడ్డ కొత్త ఆయుధం అందుకోబోతే వెక్కిరించటం ఏ రకం అభ్యుదయం?

మర్నాడు ఆమెను పిలిచి, నా మాట తప్పని ఒప్పుకున్నాను. క్లాట్ రాయమన్నాను. అది అందకపోతే, డిగ్రీ అయ్యాక మూడేళ్ల లా చదివే దారి ఉందని చెప్పాను. చివరికి ఒక ప్రశ్న వేశాను: "చదువయ్యాక ఒకవైపు కంపెనీ పిలుస్తుంది. ఇంకోవైపు నందిగామ కోర్టు మెట్ల మీద మీ నాన్నలాంటి కౌలుదారు కూర్చుని ఉంటాడు. ఎటు వెళతావమ్మా?"

కొంచెంసేపు ఆలోచించి, "ముందు నాన్న అప్పు తీరాలి మాస్టారూ" అంది.

నేను కాదనలేకపోయాను. ఆ ప్రశ్నకు ఆమె ఒక్కతెనే జవాబు చెప్పమనటం న్యాయం కాదు. ఫీజులు తగ్గించమనీ, ప్రవేశపరీక్ష తెలుగులో కూడా పెట్టమనీ, కౌలుదారు పేరును యజమాని దయకు వదలవద్దనీ అడగవలసింది మనం. ఉపాధ్యాయులుగా మనం అడగని ప్రశ్నలకు, విద్యార్థులను జవాబు అడుగుతున్నాం.