మచ్చ కాదు, గుంట

చంద్రుడిలో కనిపించేదీ మచ్చే, పుట్టుకతో వచ్చేదీ మచ్చే, పేరు మీద పడేదీ మచ్చే. మొటిమ తగ్గాక మిగిలేదాన్ని కూడా తెలుగులో అలాగే అంటాం. పదహారేళ్ళప్పటి నుంచి నా రెండు బుగ్గల మీదా ఉన్నవాటిని ఇంట్లోవాళ్ళూ, చుట్టాలూ, మందుల షాపతనూ అందరూ మచ్చలనే అన్నారు. ముప్పైమూడో ఏట ఒక డెర్మటాలజిస్టు గదిలో పై లైట్లు ఆపేసి, చిన్న లైటొకటి బుగ్గకి పక్కనుంచి పెట్టి చూశారు. "మచ్చలు రెండో మూడో ఉన్నాయండీ. మిగతావన్నీ గుంటలు," అన్నారు.

అది మాటల పట్టింపు కాదు. వైద్యం మొత్తం ఆ తేడా మీదే ఆధారపడి ఉంది. మచ్చ రంగుకి సంబంధించింది. మొటిమ వాచి తగ్గిన చోట మెలనిన్ ఎక్కువై నల్లగా అవుతుంది, చర్మం మాత్రం సమంగానే ఉంటుంది. ఎండ తగలకుండా జాగ్రత్తపడితే చాలామందికి నెలల్లో పలచబడుతుంది. గుంట అలా కాదు. వాపు లోతుకి దిగి అక్కడి కొల్లాజెన్‌ని పాడుచేసింది, మానేటప్పుడు పోయినంతా తిరిగి రాలేదు. పైన రాసే క్రీము దాన్ని పూడ్చలేదు. 'మచ్చలు మాయం' అనే ప్రకటనలకి కలిసొచ్చిందేమిటంటే, ఈ రెంటికీ మనం ఒకే మాట వాడటం. ఆ పేరు మీద స్టిరాయిడ్ కలిసిన క్రీములు కూడా చీటీ లేకుండానే అమ్మేస్తుంటారు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, కొత్త మొటిమలు మొదలవుతాయి.

గుంటల్లోనూ రకాలున్నాయి. 2001లో వచ్చిన ఒక వర్గీకరణతో ఐస్ పిక్, బాక్స్‌కార్, రోలింగ్ అనే మూడు పేర్లు స్థిరపడ్డాయి. మొదటిది దబ్బనంతో పొడిచినట్టు ఉంటుంది: నోరు సన్నం, లోతెక్కువ. రెండోది ఆటలమ్మ వదిలిన గుంటలా, అంచులు నిలువుగా తెగి ఉంటుంది. మూడోది పైకి చూస్తే పెద్దగా ఏమీ ఉండదు గానీ, లిఫ్టులో నెత్తిమీద లైటు పడగానే బుగ్గంతా ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. నాకు మూడూ ఉన్నాయి. ఎక్కువ భాగం మూడో రకం.

వాటికి చేసేదాన్ని సబ్‌సిషన్ అంటారు. 1995లో ఓరెన్‌ట్రైక్‌లు ఇద్దరు దీన్ని వర్ణించారు. ఆలోచన చాలా సూటిగా ఉంటుంది: చర్మం అక్కడ కిందికి కుంగలేదు, కింద నారపోగులు పట్టి లాగుతున్నాయి. కాబట్టి మత్తిచ్చి, చర్మం అడుగున సూదిని అడ్డంగా దూర్చి, అటూ ఇటూ ఆడిస్తూ ఆ పోగులు తెంపాలి. నొప్పి పెద్దగా తెలీలేదు. చప్పుడు తెలిసింది. పాతగుడ్డ చింపుతున్నట్టు పటపటమని, అదీ చెవి పక్కనే. డాక్టరుగారు మధ్యమధ్యలో "బావున్నారా?" అంటుంటే కదలకుండా "ఊఁ" అన్నాను. తర్వాత వారం పది రోజులు బుగ్గలు కమిలిపోయాయి. ఆఫీసు మీటింగుల్లో కెమెరా ఆపేశాను, ఎవరూ అడగలేదు. ఇప్పుడు అందరి కెమెరాలూ ఆపే ఉంటున్నాయి కదా.

లోతుగా ఉన్న ఐస్ పిక్‌లకి క్రాస్ అనే పద్ధతి. గాఢమైన ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లాన్ని సన్నటి పుల్లతో ఒక్కొక్క గుంటలో చుక్కగా పెడతారు. క్షణాల్లో అక్కడ తెల్లబడుతుంది, తర్వాత పక్కుకట్టి రాలుతుంది. ఇక మైక్రోనీడ్లింగ్, ఫ్రాక్షనల్ లేజర్ ఎలాగూ ఉన్నాయి. పేర్లు ఎన్నున్నా లోపల జరిగే పని ఒకటే. కొలిచి, తెలిసి, కొత్త గాయం చేయడం. మానే క్రమంలో ఈసారైనా శరీరం కొల్లాజెన్ సరిగ్గా కడుతుందేమోనని చూడటం. ఆ కట్టడానికి నెలలు పడుతుంది. పెళ్ళికి మూడు వారాల ముందు క్లినిక్‌కి పరిగెత్తేవాళ్ళకి ఈ సంగతి ఎవరైనా ముందే చెబితే బావుణ్ణు.

మన చర్మానికి ఇక్కడే ఇంకో చిక్కుంది. గాయం ఏదైనా సరే, చామనఛాయ చర్మం రంగుతో జవాబు చెబుతుంది. లేజర్ వేడి కాస్త ఎక్కువైతే గుంట తగ్గి నల్లమచ్చ రావచ్చు. ఎంత వేడి పెట్టాలో నిర్ణయించేటప్పుడు ఇప్పటికీ చూసే కొలమానం ఫిట్జ్‌పాట్రిక్ స్కేలు. 1975 నాటి ఆ స్కేలు మొదట తెల్లవాళ్ళ చర్మం కోసం తయారైంది, ఎండలో ఎంత కందుతుంది, ఎంత నల్లబడుతుంది అని అడుగుతూ. గోధుమ, నలుపు రంగులకి ఐదు, ఆరు తరగతులు తర్వాత చేర్చారు. మనలో చాలామంది నాలుగైదు తరగతుల్లో పడతాం. "మీరు ఎండలో కందిపోతారా?" అని డాక్టరుగారు అడిగితే నవ్వొచ్చింది. మా ఊళ్ళో ఎండలో కందిపోవడం సినిమా హీరోయిన్లకి మాత్రమే ఉన్న సదుపాయం.

మా నాయనమ్మ ముఖమంతా స్ఫోటకం గుంటలే. ఆవిడ వాటిని దాచుకోవడం నేను చూడలేదు. "అమ్మవారు పోసి వెళ్ళింది, నేను మిగిలాను," అనేది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు మిగల్లేదు. ఆవిడ తరంలో ఆ గుంటలకి ఒక కథ ఉంది: చావు దాకా వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళ ముఖం అది. ఇలాంటి ముఖమే ఉన్న ఓంపురిని 'అర్ధ్ సత్య'లో చూసినప్పుడు నాకెప్పుడూ అనిపించేది, కెమెరా ఆ చర్మాన్ని తప్పించుకోకుండా నటుడి మాటలాగే వింటోందని. మొటిమ గుంటలకి అలాంటి కథేమీ లేదు. ఏ దేవతా రాలేదు, ఎవరూ చచ్చిపోలేదు. 'నూనె సరుకు తగ్గించు', 'ముఖం శుభ్రంగా కడుక్కో' అనే సలహాలే వాటి కథ. అంటే తప్పు మనదేనన్నమాట. నిజానికి జన్యువులూ, హార్మోన్లూ మన అనుమతి అడగవు. మచ్చ అనే మాటకి ఉన్న రెండో అర్థం, ఆ పరువుకి సంబంధించిన అర్థం, చెప్పకుండానే ముఖం మీదికి వచ్చి కూర్చుంటుంది. నాకు ఇబ్బందిగా ఉన్నది గుంటలకన్నా అదేనేమో అని చాలాసార్లు ఆలోచించాను. అయితే ఆ ఆలోచనతో లిఫ్టు లైటు మారదు. ఖర్చుపెట్టి చేయించుకోవడం అహంకారమనే మిత్రుల వాదనా నాకు నచ్చదు. పళ్ళకి తీగలు కట్టించుకున్నవాణ్ణి ఎవరూ అలా అడగరు.

రెండు సబ్‌సిషన్లు, నాలుగు మైక్రోనీడ్లింగులు, ఒక క్రాస్ అయ్యాయి. ఏడాది దాటింది. పక్కనుంచి లైటు పెట్టి తీసిన ఫోటోలు రెండూ పక్కపక్కన పెడితే, పల్లాలు సగానికి తగ్గాయని నేనంటాను, "ఏమో, నాకలాగే ఉన్నావు," అని అమ్మ అంటుంది. క్రాస్ పెట్టిన ఒకచోట గుంట పైకొచ్చింది గానీ నాలుగు నెలలు నల్లగా ఉండి ఇప్పుడిప్పుడే వెనక్కి తగ్గుతోంది. పూర్తిగా నున్నగా కావడమనేది లేదని డాక్టరుగారు మొదటిరోజే చెప్పారు. అలా చెప్పినందుకే ఆవిడ దగ్గర ఉండిపోయాను.

మిగిలినవాటికి లేజరా, ఇంతటితో ఆపడమా అన్నది ఇప్పటి ప్రశ్న. ముందు దవడ కింద, అర్ధరూపాయి బిళ్ళంత చోట తక్కువ వేడితో పరీక్షించి చూద్దామన్నారు. రెండు నెలలు ఆగి రంగు ఎలా ఉందో చూశాకే బుగ్గ సంగతి. ఇవాళ్టికి ఇరవైరెండో రోజు. కొంచెం నల్లబడింది. సన్‌స్క్రీన్ రాస్తున్నాను, గడ్డం అక్కడ గీయకుండా వదిలేశాను.