మెదడునకు మఱియొక వంటచెఱకు

విశాఖపట్టణమునందలి జాలరిపేటలో సముద్రపు హోరు వినబడని యిల్లు లేదు. ఆ పేటలో పుట్టి పెరిగిన మేము నలుగురము తోబుట్టువులము. మాలో కడపటివాడు మూర్ఛరోగి. పడవపై నుండగా మూర్ఛ వచ్చినవాడు నీటిపాలగును గావున, వేటకు పోవువారి యింట నీ వ్యాధి యెంత భయంకరమో చదువరులు గ్రహింపగలరు.

మూర్ఛ వచ్చినపుడెల్ల ఇరుగుపొరుగువారు వాని చేత తాళపుచెవులు పెట్టెడివారు. అందువలన ప్రయోజనము లేదని వైద్యుడు మాకు బోధించెను. రోగిని ప్రక్కకు ఒత్తిగిలజేయవలెను. నోటిలో నేమియు పెట్టరాదు. అయిదు నిమిషములు దాటినచో వెంటనే వైద్యశాలకు గొనిపోవలెను.

రెండు మందులు వాడినను తమ్మునికి గుణము కనబడలేదు. మూర్ఛరోగులలో ఇంచుమించు మూడవవంతు మందికి మందులు చాలవట. అప్పుడు వైద్యుడు కీటోజెనిక్ ఆహారమను పథ్యమును విధించెను. అన్నము, బెల్లము మొదలగువానిని మిక్కిలి తగ్గించి, క్రొవ్వును హెచ్చించుటయే దీని స్వరూపము.

ఉపవాసమున మూర్ఛలు తగ్గునని పూర్వు లెఱుగుదురు. కాని పసివాని నెన్నాళ్ళు పస్తుంచగలము? భోజనము చేయుచునే యా ఫలమును పొందవచ్చునని 1921లో అమెరికాలోని మేయో వైద్యశాలకు చెందిన రసెల్ వైల్డర్ ప్రతిపాదించెను. 1938 తరువాత ఫెనిటాయిన్ అను మందు వాడుకలోనికి రాగా ఈ పథ్యము మఱుగునపడి, 1990 పిదప మరల వెలుగునకు వచ్చెను. 2008లో లండనునందు ప్రకటింపబడిన పరీక్షలో, పథ్యము చేసిన పిల్లలలో నూటికి 38 మందికి మూర్ఛలు సగమునకు మించి తగ్గెను. చేయనివారిలో నూటికి ఆరుగురికి మాత్రమే తగ్గెను.

దీని మర్మమేమి? మన శరీరపు బరువులో మెదడు నూటికి రెండు పాళ్ళు. అది వ్యయించు శక్తి ఇరువది పాళ్ళు. చక్కెరయే దానికి నిత్యమైన వంటచెఱకు. చక్కెర కొఱవడినపుడు కాలేయము క్రొవ్వును కీటోనులుగా మార్చి పంపగా, మెదడు వానిని మండించుకొనును. ఇందువలన మెదడులోని కణముల యుద్రేకము నెమ్మదించునని పండితుల యభిప్రాయము. తలకు తగిలిన దెబ్బనుండియు, ముదిమి మతిమఱపునుండియు ఈ పథ్యము మెదడును కాపాడునా యని పరిశోధనలు జరుగుచున్నవి. దెబ్బల విషయమున నవి చాలవఱకు ఎలుకలపై జరిగినవే గాన, మనుష్యులకు ఇంకను సిద్ధాంతము కాలేదు.

మా యమ్మ గ్రాముల తక్కెడ కొని, గ్రుడ్డును, కానాగంత చేప ముక్కను, కొబ్బరినూనెను తూచి వానికి పెట్టుచుండెను. మొదటి మాసమున వాడు అన్నముకొఱకు ఏడ్చెడివాడు. ఒకనాడు చూడలేక, అమ్మకు తెలియకుండ, మేము పిడికెడు అన్నము బెల్లముతో కలిపి తినిపించితిమి. మఱునాటి వేకువను వానికి మూర్ఛ వచ్చెను. అన్నమే కారణమని నిశ్చయముగా చెప్పజాలము. కాని మా గుండె లాగలేదు. అమ్మతో నిజము చెప్పితిమి. ఆమె మమ్ము తిట్టలేదు. "మీ ప్రేమ కూడా తూచే పెట్టాలర్రా" అని మాత్రమనెను. నాటినుండి మేము వాడు నిద్రించిన పిదపనే అన్నము తినుచున్నాము.

ఆఱు మాసములకు, నెలకు ఇరువదిసార్లు వచ్చు మూర్ఛ మూడునాలుగు సార్లకు దిగెను. పూర్తిగా మానలేదు, మందులును మానలేదు.

సోదరులారా, ఒడలు తగ్గుటకై యెవరో చెప్పిరని దీని నారంభింపకుడు. దీనివలన మలబద్ధకము, మూత్రపిండములలో రాళ్ళు కలుగవచ్చును. పుట్టుకతోనే క్రొవ్వును వినియోగించుకొనలేని బిడ్డలకు ప్రాణాపాయము. ఇది విందు కాదు, మందు. వైద్యుని కనుసన్నల జరుగవలెను.

తమ్ముడు పడవ నెక్కుట లేదు. ఒడ్డున కూర్చుండి వల అల్లుచున్నాడు. అంతయు సవ్యముగా జరిగినచో, రెండేండ్లకు మెల్లమెల్లగా అన్నము పెట్టవచ్చునని వైద్యుడు చెప్పెను. ఆ తొలిముద్ద, ఈసారి అమ్మ యెదుటనే, మేము కలిపి పెట్టుదుము.