పానిపట్టులో పాత జీన్స్

పానిపట్టు అనగానే మనకు హైస్కూలు చరిత్ర పుస్తకం జ్ఞాపకం వస్తుంది. 1526, 1556, 1761: మూడు యుద్ధాలు, మూడు సంవత్సరాలు. ఆ సంవత్సరాలను తారుమారు చేసి వ్రాసి మాస్టారి చేత చీవాట్లు తిన్నవారిలో ఈ వ్యాసకర్త కూడా ఒకడు. అటువంటి ఊరికి, ఉద్యోగ విరమణ చేసిన ఇన్నేళ్ళకు, చంకలో పాత ప్యాంట్ల మూటతో వెళ్ళవలసి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

మా అమ్మాయి గురుగ్రామ్‌లో ఉద్యోగం చేస్తున్నది. ఆ శీతకాలంలో మేము దంపతులము రెండు మాసాలు ఆమె వద్ద ఉన్నాము. ఇల్లు మారుతూ పై అరలోని పెట్టెను దింపితే అందులో ఆరు పాత జీన్స్ ప్యాంట్లు బయటపడ్డాయి. పాతబట్ట పారవేయడమంటే మా శ్రీమతికి గిట్టదు. టౌన్‌షిప్‌లో ఉన్న రోజుల్లో మెత్తబడిన చీరలతో బొంతలు కుట్టేది. బొంతకు పనికిరానివాటిని స్టీలు సామానులు అమ్మే ఆమెకు వేసి, గిన్నె మీద ఒక గరిటె కొసరు పుచ్చుకొంటే గాని తలుపు మూసేది కాదు.

ఈసారి ఆమె ప్యాంట్ల వెనుక జేబులన్నింటినీ విప్పదీసింది. వాటిని ఒక దుప్పటి ముక్క మీద వరుసలుగా కుట్టి, గోడకు వ్రేలాడదీసే సంచి తయారు చేసింది. ఒక జేబులో కళ్ళద్దాలు, ఒకదానిలో మందుల చీటీలు, ఒకదానిలో గ్యాసు పుస్తకం. చూసినవారు బజారులో కొన్నదేమో అనుకొన్నారు. జేబు విప్పిన ప్రతిచోటా ప్యాంటు మీద ముదురు నీలం మచ్చ ఒకటి మిగిలింది. చుట్టూ గుడ్డ వెలిసిపోయినా, జేబు చాటున దాగినంత మేరా కొన్ననాటి రంగే ఉన్నది.

ఆ ఆరింటిలో ఒకదానిని నేను గుర్తుపట్టాను.

1995లో అహమ్మదాబాదులోని అరవింద్ మిల్లు వారు ‘రఫ్ అండ్ టఫ్’ పేరుతో కుట్టించుకొనే జీన్స్‌ను విడుదల చేశారు. ప్యాంటుకు సరిపడ గుడ్డ, జిప్పు, రివెట్లు అన్నీ ఒకే పొట్లంలో ఉండేవి. మిగిలిన పని వీధి చివరి దర్జీది. ఆ పొట్లం ఆ మరుసటి సంవత్సరం మా ఇంటికీ వచ్చింది. చిన్నపిల్లలకు ట్యూషన్ చెప్పి సంపాదించిన డబ్బుతో మా అమ్మాయి కొనుక్కొన్నది. ఆడపిల్ల ప్యాంటు వేసుకొని తిరిగితే కాలనీలో ఎవరేమనుకొంటారోనని నేను వద్దన్నాను. వద్దన్న తీరు కూడా మంచిది కాదు. మూడు నెలలు తండ్రీకూతుళ్ళకు మాటలు లేవు. హాస్టలుకు వెళ్ళేనాడు దానిని పెట్టె అడుగున పెట్టుకొని వెళ్ళింది. వేసుకొన్నదో లేదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

జేబులు పోయిన ప్యాంట్లను ఏమి చేయడమా అని ఆలోచిస్తుండగా, పానిపట్టు రిఫైనరీలో పనిచేస్తున్న మిత్రుని కుమారుడు ఫోనులో ఒక సలహా చెప్పాడు. ఆ ఊరిలో గుడ్డ పీలికలతో జంపఖానాలు నేస్తారట. మూట కట్టుకొని నేనే బయలుదేరాను.

ఢిల్లీ నుండి పానిపట్టు సుమారు 90 కిలోమీటర్లు. పూర్వపు గ్రాండ్ ట్రంక్ రోడ్డు ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారిలో భాగం. వెనుకకు తిరిగి ఇదే రహదారిన పోతే మన హైదరాబాదు, కర్నూలు, అనంతపురం దాటి కన్యాకుమారి చేరవచ్చు. ఊరిలో ఇబ్రహీం లోడీ సమాధిని, బాబరు కట్టించిన కాబూలీబాగ్ మసీదును చూశాను. చరిత్రాభిమానులు క్షమించాలి, రెండింటికీ కలిపి గంట సేపు కూడా వెచ్చించలేదు. నా మనస్సంతా మూట మీదనే ఉన్నది.

నేటి పానిపట్టుకు అన్నం పెడుతున్నది యుద్ధభూమి కాదు, మగ్గం. 1947లో దేశవిభజన జరిగినప్పుడు పశ్చిమ పంజాబులోని ఝంగ్ మొదలైన ప్రాంతాల నుండి నేతపనివారు ఇక్కడికి వలస వచ్చారు. ఖేసులు, దుప్పట్లు, జంపఖానాలు నేసి ఊరికి పేరు తెచ్చారు. తరువాత పాత ఉన్నిబట్టల పరిశ్రమ వచ్చింది. చలిదేశాల వారు వదిలించుకొన్న కోట్లు, స్వెట్టర్లు కాండ్లా రేవు మీదుగా బేళ్ళుగా వస్తాయి. వాటిని రంగుల వారీగా ఏరి, యంత్రాలతో చీల్చి, మళ్ళీ నూలు తీస్తారు. ఎరుపు కుప్ప నుండి ఎర్ర నూలు వస్తుంది కనుక అద్దకపు ఖర్చు తక్కువ. తుపానులు, భూకంపాలు వచ్చినప్పుడు సహాయ సంస్థలు పంచే కంబళ్ళకు ఈ ఊరు ప్రసిద్ధి. ఇటీవలి కాలంలో పాలిస్టర్ కంబళ్ళు వచ్చి ఆ గిరాకీని చాలావరకు లాగివేశాయి.

చీల్చే యంత్రమున్న షెడ్డులో నేను పది నిమిషాలు కూడా నిలువలేకపోయాను. గాలి నిండా నూగు. పనివారు ముక్కుకు గుడ్డ కట్టుకొని, రెప్పల మీద రంగురంగుల ధూళితో తిరుగుతున్నారు. దినమంతా ఆ గాలే పీల్చేవారి ఊపిరితిత్తులు ఏమవుతాయో వేరే చెప్పనక్కరలేదు. మన గదులకు అందం తెచ్చే వస్తువుల మీద ఈ దగ్గు ఖరీదు వ్రాసి ఉండదు.

ఆ ప్రక్క వాకిట్లో ఆడవారు నేల మీద కూర్చొని బట్టలు కోస్తున్నారు. ఒక్కొక్కరి ముందు నిలువుగా బిగించిన కత్తి, అచ్చం మన కత్తిపీట. వంకాయ తరిగినంత సునాయాసంగా జిప్పు, బొత్తాములు, కుట్టు వేరుచేస్తున్నారు. నా ఆరు ప్యాంట్లనూ కొంచెం వయసు మళ్ళిన ఒకామె పుచ్చుకొన్నది. టౌన్‌షిప్‌లో రాజభాషా విభాగం వారు బలవంతాన పాసు చేయించిన ‘ప్రాజ్ఞ’ పరీక్ష నాకు అక్కడ అక్కరకు వచ్చింది.

“ఎవరివి బాబూజీ?”

“మా అమ్మాయివి.”

“ఒక్కదానికీ కోత లేదే!” అని ఆశ్చర్యపోయింది. విదేశాల నుండి పీలికలుగా వచ్చే బట్టలను మళ్ళీ తొడుగులుగా అమ్మకుండా గాట్లు పెట్టి ఉండాలని నిబంధన. ఆమె చేతికి వచ్చే జీన్స్ ప్రతిదానికీ ఒక నిలువు గాటు ఉంటుందట. “మా చిన్నది ఇటువంటిదే కావాలని అడుగుతున్నది. రోజూ ఇన్నింటిని పట్టుకొంటాను, ఇంటికి తీసుకుపోవడానికి ఒక్కటీ పనికిరాదు. వాళ్ళ నాన్నకూ ఇష్టం లేదు. మీరు మీ అమ్మాయిని వేసుకోనిచ్చారా?”

ఇచ్చానన్నాను. అది అబద్ధం. ఆమె తల ఊపి మొదటి కాలును కత్తికి ఆనించింది. ఆ ఆరింటిలో ఒకదానిని ఆమె బిడ్డకు ఉంచుకొమ్మని చెప్పవచ్చునన్న ఊహ నాకు తిరుగు ప్రయాణంలో గాని రాలేదు.

అంగుళం వెడల్పు పీలికలను తీసుకొని నేతగాని ఇంటికి వెళ్ళాను. అరవై దాటిన మనిషి. తెల్లని నూలు పడుగు బిగించి, పేకగా పీలికను చేత్తో జొనిపి, పంజా అనే ఇనుప పనిముట్టుతో దగ్గరకు దట్టిస్తున్నాడు. పులి పంజా వలె పళ్ళుంటాయి కనుక దానికా పేరు. డెనిమ్ గుడ్డలో పడుగు నీలం, పేక తెలుపు. అందువలన పీలిక మెలిపడిన చోటల్లా నీలము, తెలుపు మారిమారి కనబడి, ఎవరూ వేయని డిజైను దానంతటదే పడుతుంది. డెనిమ్ అన్న పేరు ఫ్రాన్సులోని నీమ్ పట్టణం నుండి వచ్చిందంటారు. 17వ శతాబ్దంలో డచ్చివారు మన మచిలీపట్నం నుండి ఎగుమతి చేసిన సరుకులలో నీలిమందు కూడా ఒకటి. 1897లో జర్మనీ వారు కృత్రిమ నీలిని బజారులోకి తెచ్చారు. ఇప్పటి జీన్స్‌కు దాదాపు అంతా అదే.

నీలి రంగు నూలు లోపలికి ఇంకదు, పైపొరకే పట్టుకొంటుంది. కనుక రాపిడి తగిలిన కొద్దీ లోపలి తెలుపు బయటపడుతుంది. ఈ సంగతి నేతగాడు ఒక పీలికను వెలుగులో పట్టి చూపుతూ వివరించాడు. అది మోకాలి దగ్గరి ముక్క. పాలలా తెల్లబడి ఉన్నది. దాని అంచున మన టౌన్‌షిప్ దర్జీ వేసిన నారింజరంగు జంటకుట్టు, కొంచెం వంకరగా, ఇంకా నిలిచి ఉన్నది. “ఈ ప్యాంటును ఎవరో బాగా వాడారు. మిగిలిన అయిదూ దీని ముందు కొత్తవే” అన్నాడు.

నాలుగు రోజుల తరువాత జంపఖానా వచ్చింది. దానితో పాటు చిన్న కాగితం పొట్లంలో రాగి రివెట్లు, ఇత్తడి బొత్తాములు. తూకానికి అమ్ముకొనవచ్చును గాని, మా సొత్తని పంపించారు. అమ్మాయి జంపఖానాను హాలులో పరచి, ఒక చివర తెల్లని గీత మీద కాలు ఆనించి చాలాసేపు చూసింది.

“నాన్నా, ఇది ఆ రఫ్ అండ్ టఫ్ కదూ?”

అవునన్నాను.

“హాస్టల్లో నాలుగేళ్ళూ ఇదే వేసుకొన్నాను. మీకు చెప్పలేదు.”

నాకు తెలుసునన్నాను. ఎట్లా తెలిసిందని ఆమె అడుగుతుండగా వంటింట్లో నుండి మా శ్రీమతి, రివెట్ల పొట్లాన్ని గోడసంచిలో ఏ జేబులో పెట్టమంటారని కేక వేసింది.