మొగమాటము

మన యిండ్లలో దొంగకు జంకెడివారు పెక్కుమంది గలరు గాని, మొగమాటమునకు జంకెడివారు అరుదు. దొంగ రాత్రివేళ గోడకు కన్నము వేసి వచ్చును. మొగమాటము పట్టపగలు వీధితలుపున వచ్చి, కాఫీ త్రాగి, మనచేతనే పెట్టె తెఱిపించి పోవును. మా యింట జరిగినదానిని, అందులో నా తప్పును, చదువరులకు విన్నవించుటకై కలము పట్టితిని.

మా మేనత్త తెనాలిలో నుండును. ఆమె వితంతువు, సంతానము లేదు. భర్త ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయుడై యుండుటచే పింఛనును లేదు. ఆయన ప్రావిడెంటు ఫండులో మిగిలిన మూడులక్షల రూపాయలను 2010లో ఆమె ఒక భూముల కంపెనీకి కట్టదలచెను. నూటికి నెలకు రెండురూపాయల వడ్డీ యిత్తుమని వారి మాట. బ్యాంకు వడ్డీకి ఇంచుమించు మూడింతలు. ఏజెంటు పరాయివాడు కాడు. ఆ వీధిలోనే పుట్టి పెరిగి, ఆమెను "పిన్నిగారూ" అని పిలుచు పిల్లవాడు. తన తల్లి సొమ్మును సయితము అందే కట్టించియుండెను.

ఆ దినమున నేనును అక్కడనే యుంటిని. అత్తయ్య కాగితమును నా చేతికిచ్చి, "ఒరే, నీవు చదువుకొన్నవాడవు, చూచి చెప్పరా" అనెను. చూచితిని. అందు డిపాజిటు అనుమాట లేదు. "స్థలము నిమిత్తము అడ్వాన్సు" అని యుండెను. స్థలము ఏ యూరిదో, సర్వే నంబరు ఏదో వ్రాయలేదు. నాకు అనుమానము తోచినది. కాని ఆ పిల్లవాడు ఎదుట కూర్చుండి కాఫీ త్రాగుచుండెను. అతని మొగము చూచి, "బాగానే యున్నది అత్తయ్యా" అంటిని. నా మాట విని ఆ వీధిలో మఱి ఇద్దఱు స్త్రీలును కట్టిరి.

మూడేండ్లు వడ్డీ తప్పక వచ్చినది. 2013లో ఒక నెల ఆగినది. మఱుసటి నెల కంపెనీ కార్యాలయమునకు తాళము పడినది. ఏజెంటు ఊరు విడిచిపోయెను. అతని తల్లి ఎక్కడికి పోగలదు? ఆమెయు మోసపోయినదే యని తెలిసియు, పంపువద్ద ఆమెతో మాటాడువారు లేకపోయిరి. అత్తయ్య నన్నొక్క మాటయు అనలేదు. పోలీసులకు చెప్పుదమన్నప్పుడు మాత్రము, "నలుగురికి తెలియును గదరా" అనెను. సొమ్ము పోయిన దుఃఖముకంటె సిగ్గు పెద్దదైనది. ఎట్టకేలకు ఫిర్యాదు ఇచ్చితిమి. అసలులో నేటికిని ఒక రూపాయయు రాలేదు. ఆ పిమ్మట రెండేండ్లు ఆమె అప్పడములు చేసి అమ్మి మందుల ఖర్చు గడపుకొన్నది.

ఆ వడ్డీ ఎక్కడిదో పిదప తెలిసినది. అది భూముల లాభము కాదు; వెనుక చేరినవారి అసలును ముందు చేరినవారికి వడ్డీగా పంచిపెట్టిరి. 1920లో బోస్టను నగరమున చార్లెస్ పోంజీ, 45 దినములలో నూటికి ఏబది లాభమని చెప్పి చేసినదియు నిదియే. కొత్తవారు చేరునంతకాలము లెక్క సరిపోవును. చేరుట తగ్గిన నెలలో కూలును. కావున వడ్డీ తప్పక వచ్చుచున్నదనుట కంపెనీ మంచితనమునకు సాక్ష్యము కానేరదు.

మొగమాటము మా వీధివారికి మాత్రమే గలదనుకొనరాదు. 1906 అక్టోబరులో మద్రాసున అర్బత్నాటు కంపెనీ దివాలా తీసినది. దొరల పాత కంపెనీ యన్న గౌరవమే అందు సొమ్ము దాచినవారికి హామీగా నుండెను. సర్ జార్జి అర్బత్నాటుకు 18 నెలల కఠినశిక్ష పడినది. శిక్ష పడినంతమాత్రమున సొమ్ము తిరిగిరాదు గదా. 2008 డిసెంబరులో న్యూయార్కున బయటపడిన బెర్నార్డ్ మేడాఫ్ మోసము మఱింత విచిత్రము. అతడు నాస్‌డాక్ అను వాటాల బజారునకు పూర్వాధ్యక్షుడు. ఖాతాలలో ఉన్నట్లు కాగితములపై చూపిన సొమ్ము సుమారు 6,500 కోట్ల డాలర్లు. వాటాల వ్యాపారమును కనిపెట్టు ప్రభుత్వసంఘమునకు 1992 మొదలు ఆఱు గట్టి ఫిర్యాదులు అందినవి. తనిఖీదార్లు వచ్చిరి, ప్రశ్నించిరి. కాని అతడు వాటాలను నిజముగా కొనెనా లేదా యని బయటివారిని విచారింపలేదు. 2009లో ఆ సంఘపు అంతర్విచారణాధికారి నివేదికయే ఈ సంగతి తెలిపినది. నేను కాఫీ త్రాగుచున్న పిల్లవానియెదుట చేసిన పనినే వారు పెద్దమనిషియెదుట చేసిరి.

చట్టములు హెచ్చినచో వ్యాపారము చచ్చునని, ఎవరి సొమ్మునకు వారే కాపలా యుండవలెనని కొందఱు విద్యావంతులందురు. చిన్న వర్తకునకు లైసెన్సుల బాధ కలదన్నమాట నిజమే. కాని చీటీలను చూడుడు. 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టము ప్రకారము చీటీ నడుపువాడు దానిని రిజిష్టరు చేయించి, చీటీ మొత్తమునకు సరిపడు హామీ ముందుగా చూపవలెను. దానివలన చీటీ చావలేదు. తెలుగునాట నేటికిని నడచుచునే యున్నది.

చట్టమునకు వేళ ముఖ్యము. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున డిపాజిటుదార్ల రక్షణకై 1999లో వచ్చిన చట్టము, కంపెనీ సొమ్ము ఎగవేసిన పిమ్మట ఆస్తులను జప్తు చేయించును. అప్పటికి మిగులు ఆస్తి యెంత? 2019లో కేంద్రము చేసిన చట్టము, అనుమతిలేని పథకములకు డిపాజిట్లు కట్టుడని అడుగుటయే నేరమన్నది. ఎగవేయువఱకు వేచియుండ నక్కఱలేదు. ఏజెంటునకును శిక్ష గలదు. నా యభిప్రాయమున మేలైన మార్గమిదియే. అయినను అధికారి ప్రతి వీధికి రాలేడు, చూచినవారు చెప్పవలెను. ఇందులకే రిజర్వుబ్యాంకు 2016లో సచేత్ అను వెబ్‌సైటును ఏర్పఱచినది.

సోదరులారా, సోదరీమణులారా! అడుగుట అమర్యాద కాదు. సొమ్ము పుచ్చుకొనుటకు అనుమతి ఎవరిచ్చిరి? వడ్డీ ఏ లాభమునుండి వచ్చును? అసలునకు జవాబుదారి యెవరు? ఈ మూడును చుట్టమునైనను అడుగుడు.

గడచిన సంక్రాంతికి తెనాలి పోయినప్పుడు, ఆ దినముననే నాకు అనుమానము తోచిన సంగతి అత్తయ్యతో చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "అయితే అప్పుడే అనవలసినది గదరా. వాడు కాఫీ సగములో విడిచి పోయెడివాడు, అంతే గదా" అనెను.