మంగళవారం ముహూర్తం

మంగళవారంనాడు మన ఇళ్ళలో కొత్తపని మొదలుపెట్టరు. క్షవరం కూడా చేయించుకోరు. అటువంటిది మా బావమరిది కొడుకు ప్రతి నెలా రెండో మంగళవారం రాత్రి పదిన్నరకు, చలికాలమైతే పదకొండున్నరకు, కంప్యూటరు ముందు మఠం వేసుకుని కూర్చుంటాడు. హైదరాబాదులో ఒక ఆస్పత్రి కంప్యూటర్లకు వాడే కాపలా. సిస్టం అడ్మినిస్ట్రేటరు అంటారు ఆ ఉద్యోగాన్ని.

"పోయి పోయి మంగళవారమేమిట్రా?" అంది వాళ్ళ నాయనమ్మ.

"మైక్రోసాఫ్టు వాళ్ళకు వారమూ వర్జ్యమూ లేవే, నాయనమ్మా!"

లేకేం, ఉన్నాయి. 2003 అక్టోబరుకు ముందు ఆ కంపెనీ మాసిక తయారైనప్పుడల్లా వదిలేస్తూండేది. (ప్యాచ్ అంటే మాసికే గదా; తెలుగు మేష్టారిని, నాకా మాటే బాగుంటుంది.) ఎప్పుడేది వస్తుందో తెలియక కాపలావాళ్ళకు ఊపిరాడేది కాదు. అందుకని నెలకొకసారి, రెండో మంగళవారం అని నియమం పెట్టుకున్నారు. సోమవారం సెలవునాటి బకాయిలకు సరిపోతుంది. మంగళవారం మాసిక వేస్తే, ఏదైనా బెడిసికొట్టినా సర్దుకోవడానికి శుక్రవారం దాకా వ్యవధి ఉంటుంది. ఆలోచించి పెట్టిన ముహూర్తమే. కాకపోతే అమెరికా పడమటి తీరాన ఉదయం పది గంటలంటే మనకు పడుకునే వేళ.

మాసిక తయారవగానే పంచిపెట్టక దీనికి వేళాపాళా ఏమిటని మీకు తోచవచ్చు. నేనూ అడిగాను. మాసిక ఇవ్వడమంటే చిరుగు ఎక్కడుందో చూపించడమే, మావయ్యా అన్నాడు. దొంగవాడు పాత ప్రోగ్రామునూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తాడు. ఎక్కడ మారిందో అక్కడే కన్నం వేయాలన్నమాట. చాటింపు ఇంటాయనకూ దొంగకూ ఒక్కసారే వినబడుతుంది. ఆ క్షణాన ఇంటాయన గుర్రుపెట్టి నిద్రపోతుంటే ఇక చెప్పేదేముంది?

2014లో అచ్చంగా అదే జరిగింది. డ్రూపల్ అని, వెబ్‌సైట్లు కట్టుకోవడానికి ఉచితంగా దొరికే ప్రోగ్రాము. అక్టోబరు 15న దానిలో పెద్ద కన్నముందని చాటి, మాసిక ఇచ్చారు. రెండు వారాల తర్వాత, 29న, ఇంకొక ప్రకటన చేశారు: మొదటి చాటింపు తర్వాత ఏడు గంటలలోపు మాసిక వేయనివాళ్ళు తమ ఇంట్లో దొంగలు పడ్డట్టే అనుకోవాలని! ఆ ఏడు గంటలనూ మన గడియారంలో లెక్కకట్టి చూశాను. రాత్రి తొమ్మిదిన్నర మొదలు తెల్లవారుజామున నాలుగున్నర దాకా. మన దేశంలో కాపలావాడు భోంచేసి పడుకుని, లేచేసరికి గడువు దాటిపోయింది. వాడు చేసిన తప్పేమిటి చెప్పండి?

2018లో వాళ్ళకే మళ్ళీ అటువంటి కన్నం బయటపడింది. ఈసారి వారం ముందే, మార్చి 21న, కబురు చేశారు: 28న ఫలానా వేళకు మాసిక ఇస్తాం, మనుషులను సిద్ధం చేసుకోండి అని. కన్నమెక్కడో మాత్రం చెప్పలేదు. మన లెక్కకు అదీ అర్ధరాత్రే, పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా. అయితేనేం, ముందు తెలిస్తే మనిషి మధ్యాహ్నం ఒక కునుకు తీస్తాడు. ముందుగా చెబితే దొంగ కూడా సిద్ధమౌతాడు గదా అంటారేమో. దొంగకు రాత్రిళ్ళు మెలకువ కొత్తా? ఆ కబురువల్ల బాగుపడేది కాపలావాడే.

గుట్టు ముందే పొక్కితే మాత్రం ఏ ముహూర్తమూ నిలవదు. 2021 నవంబరు 24న లాగ్‌ఫోర్‌జే అనే చిన్న ప్రోగ్రాములో కన్నముందని చైనాలో అలీబాబా కంపెనీ ఇంజనీరొకరు దాని యజమానులైన అపాచీ సంస్థకు రహస్యంగా చెప్పారు. (పేరు చూసి నవ్వకండి, ఈ కథలో కూడా అలీబాబా దొంగల పక్షం కాదు.) పద్ధతిగా చాటింపు వేసేలోపే, డిసెంబరు 9న, సంగతి లోకమంతా పాకిపోయింది. మర్నాడు శుక్రవారం. ఆదివారం మావాడి చెల్లెలి నిశ్చితార్థం.

తాంబూలాలు పుచ్చుకునే వేళకు వాడు పెరట్లో నూతిగట్టు మీద ఒళ్ళో కంప్యూటరుతో ఉన్నాడు. "తోడబుట్టినదాని శుభకార్యం కన్నా ఎక్కువటరా నీ ఉద్యోగం?" అని మా బావమరిది కేకలేశాడు. వాడు తలెత్తలేదు. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే మెల్లగా చెప్పాడు. 2017 మే 12న వానాక్రై అనే పీడ చుట్టుకున్నప్పుడు బ్రిటన్‌లో ఆస్పత్రులు రోగులను వెనక్కి పంపాయట. దానికి మాసిక మార్చి 14నే, మంగళవారం, ముహూర్తం ప్రకారమే వచ్చింది. వేయనిచోట్ల వేయలేదు.

"మా ఆస్పత్రిలో ఇవాళ వేయడానికి నేనొక్కణ్ణే ఉన్నాను, మావయ్యా."

నిశ్చితార్థం ఫొటోల్లో వాడెక్కడా లేడు. పిల్ల వారం రోజులు అన్నతో మాట్లాడలేదు. ఆ రాత్రి పదకొండింటికి లోపలికి వచ్చి, పులిహోర ఏమైనా మిగిలిందా అత్తయ్యా అని అడిగాడు. మా ఆవిడ గిన్నెలో తీసి మూతపెట్టి ఉంచింది.