అధికారికి యోగ్యతాపత్రం

యోగ్యతాపత్రం అనగానే మన పాఠకులకు చలంగారు గుర్తుకొస్తారు. "మహాప్రస్థానం" ముందుమాటకు ఆ పేరు పెట్టి ఆయన ఆ మాటకే ఒక హోదా తెచ్చారు. నేను ఇచ్చిన యోగ్యతాపత్రాలకు అంత భాగ్యం లేదు. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో చరిత్ర చెప్పినవాణ్ణి కనక, చదువు ముగించి పోయే కుర్రవాళ్ళ ప్రవర్తన "సంతృప్తికరం" అని ఎన్నో కాగితాల మీద సంతకం పెట్టాను. ఆ మాట అచ్చులోనే ఉంటుంది. పేరు కోసం మాత్రం ఖాళీ వదులుతారు. సంతకం పెట్టేవాడికి ఆ కుర్రవాడి మొహం గుర్తుండాలనే నియమం కూడా లేదు. ఆ కుర్రవాడు మాత్రం మూడేళ్ళపాటు రోజూ నన్ను చూశాడు. డబ్బున్నవాడి కొడుకుతో ఎలా మాట్లాడతానో, పుస్తకాలు కొనుక్కోలేనివాడితో ఎలా మాట్లాడతానో అతనికి తెలుసు. నా శీలం గురించి ఒక్క వాక్యం రాసిపొమ్మని అతన్ని ఎవరూ అడగలేదు.

ఇది ఒక్క కాలేజీలో ఉన్న వింత కాదు. సర్కారు కొలువుల్లో రహస్య నివేదిక అనేది తెల్లవాళ్ళ నాటి నుంచీ ఉన్నది. పై అధికారి కిందివాడి గురించి ఏటా రాస్తాడు. వాడు సమర్థుడా, క్రమశిక్షణ గలవాడా, నిజాయితీపరుడా అన్నీ రాస్తాడు. అందులో మరీ చెడ్డగా రాసినవాటిని తప్ప తక్కినవాటిని ఉద్యోగికి చెప్పవలసిన అవసరం కూడా చాలా కాలం ఉండేది కాదు. రాసిన ప్రతి మాటా తెలియజెయ్యవలసిందేనని దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది 2008లో! అదైనా కిందివాడికి తెలుసుకునే హక్కు ఇచ్చిందే గాని, పైవాడి గురించి రాసే హక్కు ఇవ్వలేదు.

ఎన్నికల్లో కాస్త నయం. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఫలితంగా అభ్యర్థులు తమ ఆస్తులూ, అప్పులూ, కేసులూ, చదువూ ప్రమాణపత్రంలో చూపవలసివచ్చింది. పార్లమెంటు చట్టం సవరించి దాన్ని నీరుగార్చబోతే 2003లో కోర్టు ఆ సవరణను కొట్టేసింది. మంచి పనే. అయితే ఆ కాగితం మనిషి జేబును చూపినంత బాగా మనిషిని చూపదు. కూలిరేట్ల కోసం ఊరేగింపు తీసి నిషేధాజ్ఞలు ధిక్కరించినవాడి కేసూ, బీదవాళ్ళ స్థలం ఆక్రమించినవాడి కేసూ అందులో ఒకే పట్టీలో పడతాయి. అధికారంలో ఉన్నప్పుడు అతని సంతకం వల్ల ఎవరి పొయ్యి వెలిగిందో, ఎవరి పొయ్యి ఆరిందో చెప్పే గడి ఆ పత్రంలో లేదు.

అందువల్ల మనం మన సొంత కొలబద్దలు వాడుకుంటాం. వాటిలో ముఖ్యమైనవి రెండు. ఆయన ఎంత నిరాడంబరుడు, ఆయన తింటాడా తినడా? ఈ రెండిటినీ నేను తీసిపారెయ్యడం లేదు. అయితే ఇవి రెండూ ఆ మనిషిని దూరం నుంచి చూసేవాళ్ళ కొలబద్దలు. సుందరయ్యగారు పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళిన సంగతి మన విద్యార్థులందరికీ తెలుసు. అదే సుందరయ్యగారు 1975లో పార్టీ ప్రధాన కార్యదర్శి పదవికి రాజీనామా ఇస్తూ, తనకు ఎక్కడెక్కడ విభేదం ఉన్నదో కాగితం మీద పెట్టి ఇచ్చిన సంగతి ఎంతమందికి తెలుసు? ఆ కారణాలతో మనం ఏకీభవించవచ్చు, ఏకీభవించకపోవచ్చు. పదవిలో ఉన్న మనిషి తన లెక్క తాను రాసి ఒప్పజెప్పడం సైకిలు కన్న అరుదైన విషయం. సైకిలుకు ఫోటో ఉంటుంది, రాజీనామాకు ఉండదు, అంతే తేడా.

నేను పనిచేసిన ఒక కాలేజీలో ఇద్దరు ప్రిన్సిపాళ్ళ కింద పనిచేశాను. మొదటాయన తింటాడని ప్రతీతి. హాస్టలు కంట్రాక్టరుకూ ఆయనకూ ఉన్న స్నేహం అందరికీ తెలిసిందే. కాని ఫైలు ఆయన బల్ల మీద రెండో రోజు ఉండేది కాదు. రెండో ఆయన నిప్పు. కాలేజీ కాగితం మీద సొంత ఉత్తరం రాసుకోడు, అటెండరు చేత ఇంటికి కూరలు తెప్పించుకోడు. ఆయన వచ్చిన ఏడాదే పార్ట్ టైం ఉపాధ్యాయుల జీతాల బిల్లు మీద ఏదో అనుమతి తేదీ సరిగా లేదని తేలింది. ఆయన సంతకం పెట్టలేదు. పై ఆఫీసుకు రాశారు. జవాబు రాలేదు. మళ్ళీ రాశారు. ఇలా అయిదు నెలలు గడిచాయి. తొమ్మిదిమంది మనుషులు, అందులో ఇద్దరు బాలింతలు, అయిదు నెలలు జీతం లేకుండా పాఠాలు చెప్పారు. ఆడిటు అభ్యంతరం వస్తే తన పింఛను ఆగుతుందని ఆయన భయం. ఆ భయం అబద్ధం కాదు. కాని ఆయన పింఛనుకు పూచీగా ఇతరుల అయిదు నెలల తిండి తాకట్టు పెట్టబడింది.

ఆయన ఎలాంటివాడని ఒకసారి అటెండరును అడిగాను. "దేవుడే సార్," అన్నాడు. "గుళ్ళో దేవుడి లాగే ఉలకడు, పలకడు."

ఉపాధ్యాయుల గదిలో దీని మీద చర్చ జరగని రోజు లేదు. చివరికి ఎక్కువమంది తేల్చింది ఏమిటంటే, "తిన్నా పని చేసేవాడే నయం" అని. ఇది ఇప్పుడు దేశమంతటా వినిపించే సిద్ధాంతం. చాలామంది దీన్ని లోకజ్ఞానం అనుకుంటున్నారు. నాకు ఇది ఆ నిప్పులాంటి మనిషి మౌనం కన్న ప్రమాదకరంగా కనిపించింది. మొదటాయన తిన్నది గాలిలోంచి రాలేదు. అది హాస్టలు పిల్లల పప్పులోంచి వచ్చింది. పప్పు పలచబడిన సంగతి చెప్పడానికి వాళ్ళు మా గదిలో లేరు. అలాగే అయిదు నెలల సంగతి చెప్పడానికి ఆ తొమ్మిదిమందికీ సంఘంలో సభ్యత్వం లేదు. మొదటాయన మంచివాడని తేల్చినా, రెండో ఆయన మంచివాడని తేల్చినా, తేల్చింది జీతం ఒకటో తారీకున అందుకునే మాలాంటివాళ్ళం. నష్టం ఎవరి మీద పడిందో వాళ్ళ సాక్ష్యం ఏ తీర్పులోనూ లేదు.

మన చరిత్రలో ఈ చిక్కు ప్రకాశం పంతులుగారి విషయంలో ఉన్నంత స్పష్టంగా మరెక్కడా నాకు కనిపించలేదు. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్‌ను బహిష్కరించిన రోజున మద్రాసులో పోలీసు తుపాకికి రొమ్ము చూపినవాడుగా ఆయన్ని మనం పిల్లలకు చెబుతాం. న్యాయవాదిగా గడించిన డబ్బు "స్వరాజ్య" పత్రికకు ధారపోసి బీదవాడుగా చనిపోయాడనీ చెబుతాం. రెండూ నిజమే. ఆ గుండే ఆయన యోగ్యతాపత్రం అయింది. బారేజికి ఆయన పేరు పెట్టారు, ఒంగోలు కేంద్రమైన జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టారు.

కాని ఆయన రెండుసార్లు ప్రభుత్వానికి పెద్ద అయ్యాడు. 1946లో మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా ఉన్నాడు. ఆ ఏడాదే దక్షిణ భారత రైల్వే కార్మికులు సమ్మె చేశారు. గోల్డెన్ రాక్‌లో కాల్పులు జరిగాయి. 1947 జనవరిలో ఆయన ప్రభుత్వం ప్రజాశాంతి పేరుతో ఆర్డినెన్సు తెచ్చి, విచారణ లేకుండా కమ్యూనిస్టులను జైళ్ళలో పెట్టింది. తుపాకికి ఎదురు నిలిచిన మనిషి ప్రభుత్వమే తుపాకి వెనక నిలిచింది. ఆయన గుండె పిరికిదైపోయిందా? లేదు. పదవి మారింది.

ఇక్కడ ఆగితే మన మిత్రులు చాలామంది సంతోషిస్తారు. "చూశారా, వ్యక్తి శీలంతో పనిలేదు, వర్గమే ముఖ్యం" అంటారు. వాళ్ళు సగమే నిజం చెబుతున్నారు. ఎందుకంటే ఇదే ప్రకాశం 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి. జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షుడు. ఆ సంఘం 1938లో ఇచ్చిన నివేదిక, భూమికి హక్కుదారు జమీందారు కాదు, రైతే అని తేల్చింది. శిస్తులు శాశ్వత పైసలా నాటి మట్టానికి దిగాలన్నది. దాన్ని చట్టం చెయ్యకముందే 1939లో మంత్రివర్గం దిగిపోయింది. జమీందారీ రద్దు చట్టం 1948 దాకా రాలేదు. ఒకే పార్టీ, ఒకే మనిషి, ఒకే రాష్ట్రం. 1938లో ఆయన చేతినుంచి ఆ నివేదిక వచ్చింది, 1947లో ఆ ఆర్డినెన్సు వచ్చింది. వర్గం ఒక్కటే అన్నిటికీ జవాబయితే ఈ రెండూ ఒకేలా ఉండాలి గదా?

నాకు తోచే తేడా ఇది. విచారణ సంఘం రైతుల సాక్ష్యం వినవలసి ఉన్నది. వాళ్ళు వచ్చి చెప్పారు, ఆ మాటలు కాగితం మీదికి ఎక్కాయి. ఆర్డినెన్సుకు ఎవరి సాక్ష్యమూ అక్కర్లేదు. శాసనసభ కూడా అక్కర్లేదు, పోలీసు నివేదికలు చాలు. ఆయన సాహసం రెండుచోట్లా ఉన్నది. కింది మనుషుల గొంతు చెవిన పడినచోట ఆ సాహసం జమీందారులకు ఎదురు తిరిగింది. పోలీసు గొంతు మాత్రమే పడినచోట సమ్మెదారులకు ఎదురు తిరిగింది. ఎవర్నీ లెక్కచెయ్యని గుణం వీధిలో వీరత్వమే. సచివాలయంలో దానికి మరో పేరుంటుంది.

మనవాళ్ళు కూడా ఆయన్ని ఒకే మాటతో కొలవలేకపోయారు. ఆర్డినెన్సు గాయం మానకముందే, 1952లో కమ్యూనిస్టులున్న ఐక్య ప్రజాస్వామ్య సంఘటన ఆయన్ని నాయకుడిగా ఎన్నుకున్నది. గవర్నరు రాజాజీని పిలవడంతో ఆ ప్రభుత్వం ఏర్పడలేదు. 1953 అక్టోబరులో కాంగ్రెసు మద్దతుతో ఆయన ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. 1954 నవంబరులో మద్యనిషేధం సమస్య మీద అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటుతో పడిపోయాడు. 1952 నిర్ణయాన్ని అవకాశవాదం అనేవాళ్ళున్నారు. నేను అనను. అప్పుడు అడిగిన ప్రశ్న ఆయన మంచివాడా అని కాదు, ఆయన చుట్టూ ఎవరుంటారు అని. అది సరైన ప్రశ్నే.

అందుకే అధికారి గురించి నన్నెవరైనా అడిగితే ఆయన ఇల్లు చూడను, చొక్కా చూడను. ఆయన గది ముందు బల్ల మీద ఎవరు ఎంతసేపు కూచుంటున్నారో చూస్తాను. కాదన్నప్పుడు కారణం రాసి ఇస్తాడా, నోటితో చెప్పి పంపుతాడా అని చూస్తాను. తన వల్ల ఏ లాభమూ, తనకు ఏ హానీ చెయ్యలేని మనిషితో ఎలా మాట్లాడతాడో చూస్తాను. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చాక పది రూపాయల దరఖాస్తుతో ఫైలు ఎక్కడ ఆగిందో అడగవచ్చు. మాకు అక్కరకొచ్చింది కూడా అదే. పార్ట్ టైం ఉపాధ్యాయుల్లో ఒకమ్మాయి అలా అడిగితే, పై ఆఫీసు జవాబు రాయక ఆగలేదనీ, జవాబు వచ్చి మా కాలేజీ గుమాస్తా బీరువాలో రెండు నెలలుగా ఉన్నదనీ తేలింది. ప్రిన్సిపాలు దాన్ని అడిగి తెప్పించుకోలేదు. అడిగితే సంతకం పెట్టవలసివస్తుంది గదా!

ఆయన రిటైరైనప్పుడు సన్మానపత్రం రాసే పని సంఘం నాకు అప్పజెప్పింది. ఆయన నిజాయితీ గురించి రాశాను, అది ఆయనకు రావలసిన మాటే. కిందనే, ఆయన కాలంలో తొమ్మిదిమంది ఉపాధ్యాయులు అయిదు నెలలు జీతాలు లేకుండా పనిచేశారని ఒక్క వాక్యం రాశాను. కార్యదర్శి ఆ వాక్యం కొట్టేసి, "ఈ రోజున ఎందుకు మాస్టారూ?" అన్నాడు. మరి ఏ రోజున అని అడిగాను. అతను జవాబు చెప్పలేదు. పత్రం మాత్రం ఫ్రేము కట్టించాడు. నేను సంతకం పెట్టలేదు. సభకు ఆ తొమ్మిదిమందినీ పిలవలేదు గనక, వాళ్ళు పెట్టవలసిన పని పడలేదు.